గుండుకీ ఎరకీ మధ్య దూరం

మా ముత్తాత వీరభద్రరాయణింగారు పద్దెనిమిది ఊళ్ళకు జమీందారు. తాత గోపాలరాయణింగారు పల్లకీ దిగి నేల మీద నడవగా చూసినవాళ్ళు తక్కువ. నాన్నగారి కాలానికి బోయీలూ లేరు, ఊళ్ళూ లేవు, నడక మిగిలింది. అమ్మడమే తప్ప ఎరగని ఆ ఇంట్లో మళ్ళీ ఒక వస్తువు కొన్నది నేను. మిషిగన్ సరస్సులో సాల్మన్ చేపలు పట్టే పాత పడవ. అందులో సగం మా బావది, అంటే మా అక్క భర్తది.

పందెం ఆ సగాల మీదే. ఎరని గుండుకి ఎంత దూరంలో కట్టాలన్నదానికి ఇద్దరివీ రెండు కొలతలు, ఎవరి కొలతకి మొదటి చేప పడితే పడవ వాళ్ళది. ఓడినవాడు తన సగం వదులుకోవాలి.

ఎనభై మూడు ఆగస్టులో ఒక శనివారం తెల్లవారుజామున బావా, అక్కా, నేనూ మేముండే షామ్‌బర్గ్ నుంచి బయల్దేరాం. కారు వెనక పడవ, కారులో పులిహోర, ఫ్లాస్కులో కాఫీ. ఆరింటికి వాకీగన్ రేవు చేరాం. పడవ దించడానికి టికెట్ ఉంటుంది, చిల్లర దగ్గరుంచుకోవాలి. పక్క పడవ ముసలాయన "మీలో కెప్టెన్ ఎవరు?" అని అడిగాడు. బావా నేనూ చెయ్యెత్తాం. అక్క ఇంజన్ స్టార్ట్ చేసింది.

తెలియనివారికి చెబుతాను. డౌన్‌రిగ్గర్ అంటే పడవ అంచున బిగించిన గిలక. దాని తీగ చివర సీసపు గుండు. గాలం దారాన్ని గుండుకి క్లిప్పుతో తగిలించి లోతుకి దించుతాం. ఎర ఆ గుండు వెనక కొంత దూరంలో ఈదుతూ వస్తుంది. చేప లాగితే క్లిప్పు ఊడి గాలం కర్ర లేస్తుంది. గుండుకి ఎర ఎంత దూరంలో ఉండాలన్నదే మా తగువు. నాది వంద అడుగులు. సీసపు గుండు పక్కన వడ్డిస్తే మర్యాద తెలిసిన చేప రాదు. బావది పదిహేను.

"ఏమోయ్ జమీందారూ, నీ ఎర పక్క కౌంటీలో ఉంది. చేప పడితే ఫోన్ చేస్తుందా?"

"మీ ఎర గుండు ఒళ్ళో కూర్చుంది బావా. చూసిన చేప సిగ్గుతో తప్పుకుంటోంది."

"ముందు మీరిద్దరూ నోళ్ళు మూయండి," అంది స్టీరింగ్ దగ్గర్నుంచి అక్క.

తొమ్మిదైంది. ఎండెక్కింది, చేపలు లోతుకి దిగాయి, గుండ్లూ దించాం. ఒక్కటీ పడలేదు. బావ కళ్ళు తిరుగుతున్నాయని క్యాబిన్‌లో పడుకున్నాడు. నేను చప్పుడు కాకుండా నా గుండు పైకి లాగి, దారం పదిహేను అడుగులకి కుదించి మళ్ళీ దించాను. బావ లేచి బయటికొచ్చాక నేను పులిహోర కోసం క్యాబిన్‌లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బావ తన గిలక పక్కన నిలబడి తడిచేతులు తుడుచుకుంటున్నాడు.

పదింటికి నా గాలం కర్ర లేచింది. నేను చాలాసేపు పెనుగులాడాక బావ చేపని వలతో పైకి తీశాడు. నా చెయ్యంత పొడుగు సాల్మన్!

తిరుగు దారిలో కారు అక్కే నడిపింది. "వంద అడుగులు!" అన్నాను. బావ వెనక సీట్లో వాలిపోయాడు.

"ఒరేయ్, పదిహేనుకి ఎప్పుడు మార్చావో కూడా చెప్పు," అంది అక్క.

బావ లేచి కూర్చున్నాడు. "అయితే కొలత నాది! పడవ నాది!"

"మీరు వందకి మార్చినప్పుడు నాకు కళ్ళు లేవా అండీ? వాడు తన కొలత వదిలేశాడు, మీరు మీది వదిలేశారు. ఇద్దరూ ఓడారు. ఓడినవాడు సగం వదులుకోవాలని మీరేగా అన్నారు? ఇక పడవ మీ ఇద్దరిదీ కాదు."



అటు వెళ్ళబోయేవారికి ఒక మాట. పొద్దున్నే చేపలు పైపైన ఉన్నప్పుడు ఎరని గుండుకి దూరంగా, ఎండెక్కి లోతుకి దిగాక దగ్గరగా ఉంచండి. సరస్సు అందమైనది, పులుసు అద్భుతంగా కుదిరింది.

పై శనివారం పడవ అమ్మేశాం, రెండు డౌన్‌రిగ్గర్లతో సహా.