ఒకే గదిలో రెండు పనులు

తిరువూరు శివార్లలోని మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో యంత్రాలకు ప్రోగ్రాం రాసేది రూత్. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కరెంటు బోర్డు పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. ఎంటర్ నొక్కే ముందు పెదవులు కదుపుతూ అడ్రసులు చదువుకుంటుంది. యంత్రాలను నడిపే కంట్రోలర్ మెమరీలో ప్రతి పనికీ ఒక గది, ఆ గదికో నంబరు; అదే అడ్రసు. ఒకే గది రెండు పనులకిస్తే, ఒకదాన్ని కదిపినప్పుడు రెండోదీ కదులుతుంది. అందుకే ఎవరు పిలిచినా ఆ చదువు పూర్తయ్యేదాకా తలెత్తదు.

ఆ మధ్యాహ్నం గేటు బయట కాయల లారీలు ఎండలో ఆగి ఉన్నాయి. గుజ్జు తీసే యంత్రంలోకి భుజాల దాకా దూరి జోజప్ప పీచు లాగుతున్నాడు. తొందరలో ఎవరూ మెయిన్ స్విచ్ ఆపలేదు. "కడిగే టైము తగ్గించమ్మా, కాయ మెత్తబడిపోతోంది," అన్నాడు మేనేజరు సీతారామారావు. రూత్ కొత్త టైము కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి అడ్రసు చదివింది. మళ్లీ చదివింది. గుజ్జు యంత్రం మోటారుదీ అదే గది. నిన్న తానే ఇచ్చింది. వేలు తీయాలన్నా భయమేసింది.

"బాబాయ్, బయటికి రా!"

"ఇంకాస్తే ఉందమ్మా."

"రమ్మంటున్నానా!" లేచి మెయిన్ ఆపేసింది.

జోజప్ప పచ్చటి చేతులతో వచ్చి నిలబడ్డాడు. "ఏమైందమ్మా?"

"నేను నొక్కి ఉంటే అది తిరిగేది. తప్పు నాదే బాబాయ్."

రూత్ మోటారుకు వేరే గది ఇచ్చి, మెయిన్ వేసి, ఖాళీ యంత్రం మీద పరీక్షించింది. "ఇంక పర్లేదు, వెళ్లు," అంది.

జోజప్ప కదల్లేదు. "ముందు మెయిన్ ఆపమ్మా," అన్నాడు.