ఎండ్రకాయ వీపు మీద చందమామ

మా అవ్వ చెప్పిన కథల్లో నాకు బాగా గుర్తున్నది ఒక ఎండ్రకాయది. పుస్తకాల్లో దాన్ని పీత అంటారు. చందమామ దారి తప్పి, తోటపల్లి గూడూరు దగ్గర మా వరి కయ్యలో పడిపోయిందట. మళ్ళీ ఆకాశానికి ఎక్కాలంటే సముద్రం దాకా పోవాలి, మావైపు చందమామ లేచేది అక్కణ్ణుంచే గనక. కయ్యలోని ఎండ్రకాయ దాన్ని వీపు మీద పెట్టుకుని బయల్దేరింది. నీళ్ళ మీద వెలుతురు జారుతూ పోతుంటే వరి వెన్నులు తలలు తిప్పి చూసేవట. కప్పలు గొంతు తగ్గించేవట. సరుగుడు తోటలో గాలి కూడా, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లో తిరిగినట్టు, చప్పుడు చేయకుండా తిరిగేదట.

ఎండ్రకాయది అడ్డం నడక. ప్రయాణం ఎంతకీ తెమిలేది కాదు. అవ్వ నాకు ముద్దలు పెట్టే పళ్ళెంలో పెరుగన్నం ఎక్కువ మిగిలిన రోజు అది ఇంకో గట్టు చుట్టి వచ్చేది. ఈ సంగతి నాకు పెద్దయ్యాక గానీ వెలగలేదు. అంతవరకూ ఆ కథలోంచి పట్టుదల, పరోపకారం లాంటివి చాలా ఏరుకున్నాను. ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో కూడా చెప్పాను. వాళ్ళు ఎండ్రకాయనైతే తీసుకునేవాళ్ళేమో, నన్ను మాత్రం తీసుకోలేదు.

ఈమధ్య అవ్వకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. వాకిట్లో ఎవరు నిలబడినా "ఎవురదీ?" అనేది. ఒకరోజు స్టవ్ మంట ఎక్కడుందో తెలియక చెయ్యి కాల్చుకుంది. ఇంకా ఆలస్యం చేస్తే చూపు దక్కదన్నారు డాక్టరు గారు. ముందు కుడికంటికి ఆపరేషన్ చేస్తామంటే నెల్లూరు ఆస్పత్రికి తీసుకొచ్చాను. ఆటోలో మహారాణిలా కూర్చుని వచ్చింది. తీరా నర్సు కంట్లో మందు చుక్కలు వేయబోయేసరికి మంచం కమ్మీ గట్టిగా పట్టుకుంది.

"నేను చేయించుకోను. ఇంటికి తీసకపో అబ్బయా. మీ మొకాలన్నీ చూసేసినా. కొత్తగా చూసేదేముండాది?"

"నా మొకం మారింది అవ్వా. గడ్డం పెంచినా."

"అందుకే వద్దంటా ఉండా."

నర్సు నవ్వింది గానీ, చుక్కల సీసా పట్టుకుని అలాగే నిలబడింది. నాకు వేరే ఏమీ తోచలేదు.

"అనగనగా ఒక ఎండ్రకాయంట," అన్నాను.

"నా కత నాకే చెప్తావా?"

"కయ్యలోంచి బయల్దేరిందంట..."

"కయ్యలేడుండాయిరా ఇప్పుడు? అన్నీ రొయ్యల గుంటలే గదా. గుంట గట్టు మీద పోవాల. ఆడ కాపలా కుక్క ఉంటది, చూసుకో."

కుక్కని దాటించాను. ఒక చుక్క పడింది. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతుంటే, చందమామ నీడ ముక్కలై మళ్ళీ అతుక్కుంది. ఇంకో చుక్క పడింది. కాలవ దగ్గర నేను వంతెన మీదుగా పోనిచ్చాను. ఎండ్రకాయకి వంతెనెందుకని అవ్వ నీళ్ళలోకి దింపించింది. ఆమె చెయ్యి ఎప్పుడు కమ్మీని వదిలిందో నేను చూడలేదు. ఫినాయిలు వాసనలోకి ఎక్కణ్ణుంచో సరుగుడు ఆకు వాసన వచ్చి కలిసినట్టయింది. అవ్వ కూడా ముక్కు ఎగబీల్చింది. జలుబు కావచ్చు.

"నేను నీకు ముద్దలు పెట్టిన ఉపాయమే గదరా ఇది?" అంది.

"అదే అవ్వా."

"అయితే సరిగ్గా చెయ్యి. మధ్యలో ఆపబాక."

చక్రాల కుర్చీ వచ్చేసరికి ఎండ్రకాయ సరుగుడు తోట చివర ఉంది. ఆపైన నాకూ తెలియదు.

"ఇసకలోకి వచ్చినాక ఏమవుతుందవ్వా?"

"నాకేం తెలుసు? నీ అన్నం ఆడికి అయిపోయేది."

ఆపరేషన్ గది తలుపు దగ్గర నా చొక్కా పట్టుకుంది. "బయంగా ఉండాది అబ్బయా."

ఏ సందర్భానికైనా నా దగ్గర ఒక జోకు ఉంటుంది. ఆ పూట లేదు. "నాక్కూడా అవ్వా," అన్నాను.

"సరే, దాన్ని ఆడే నిలబెట్టు. నేను వచ్చిందాకా కదలనీబాక," అని నాతో చెప్పి, కుర్చీ తోసే ఆయనతో "పోనీ నాయనా" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ పాఠం కోసం ఎండ్రకాయ వైపు చూశాను. పళ్ళెం పట్టుకుని కూర్చున్న మనిషి వైపు చూడాల్సింది. ఆమెకీ ముందు దారి తెలియదు. ఈ ముద్ద దిగడానికి ఎంత దారి కావాలో అంతే వేసుకుంటూ పోయింది. ఇంత గొప్ప ఆలోచన వచ్చిన వెంటనే నాకు ఆకలేసింది.

అవ్వ కంటికి కట్టుతో బయటికి వచ్చింది. నా చెయ్యి తడిమి పట్టుకుని, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"లోపల చందమామ ఉండాదిరా. నేను నీళ్ళ కింద ఉండి చూస్తా ఉండా. అది అటూ ఇటూ కదల్తా, రంగులు మార్తా, పైపైకి పోతా ఉండింది."

"అది ఆపరేషన్ లైటు అవ్వా."

"లైటని నాకు తెలీదా? నోరు మూసుకోని ఊఁ కొట్టు."

ఊఁ కొట్టాను.