మా ఆయన తోటపని

తిరువూరులో నేను ఇంగ్లీషు చెప్పే హైస్కూల్లో తొమ్మిదో తరగతి గోడకి పెద్ద టచ్ టీవీ బిగించారు. పిల్లల చేత పాఠం చదివించడం కాదు, మాట్లాడించాలని మాకు ట్రైనింగులో చెప్పారు. అక్కడ ముందు వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ తల ఊపింది నేనే. తిరిగొచ్చాక స్టాఫ్ రూములో లెక్కల మేష్టారికి ఆ టీవీ గొప్పతనం ఎంతసేపు చెప్పానంటే, ఆయన టీ చల్లారిపోయింది. "అయితే ముందు దాన్ని ఆన్ చేసి చూపించండి మేడమ్" అన్నారు. అది మాత్రం మా పిల్లలే చేసి చూపించారు.

మనం మాట్లాడితే అది అక్షరాల్లో రాస్తుంది. ఉచ్చారణ నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. నా ఉచ్చారణ మీద నాకు గట్టి నమ్మకం. కాలేజీ రోజుల్లో రేడియోలో ఇంగ్లీషు వార్తలు విని, అద్దం ముందు అప్పజెప్పుకున్న మనిషిని. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని, గొంతు సవరించుకుని, "ముందు నేను చెబుతాను, అది ఎలా రాస్తుందో చూడండి" అన్నాను. నిదానంగా, స్పష్టంగా పలికాను: "మై హాబీ ఈజ్ గార్డెనింగ్."

టీవీ కాసేపు ఆలోచించి రాసింది: "మై హబ్బీ ఈజ్ గార్డెనింగ్."

నా హాబీ తోటపని అని నేనంటే, మా ఆయన తోటపని చేస్తున్నారని అది రాసింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ మా ఆయనే వచ్చారు. "కరెంటు సరిగ్గా లేనట్టుంది" అన్నాను. పైన ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఇంకోసారి గట్టిగా అరిచేసరికి పక్క క్లాసు పిల్లలు కిటికీ దగ్గర మూగారు.

వెనక బెంచీలో ఒకమ్మాయి ఫక్కున నవ్వింది. గంపలగూడెం వైపు పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చే పిల్ల. తల్లి పత్తి తీయడానికి కూలికి వెళ్తుంది. నా పీరియడ్లో 'ప్రెజెంట్ మేడమ్' తప్ప ఆ పిల్ల నోట ఇంకో ఇంగ్లీషు మాట వినలేదు. నాకు ఉక్రోషం వచ్చింది.

"ఏంటా నవ్వు? లేచి ఇంగ్లీషులో చెప్పు."

లేచింది. బెంచీ అంచు పట్టుకుని, తడుముకుంటూ, "మేడమ్... వాట్ ఈజ్ యువర్ హబ్బీ ప్లాంటింగ్?" అంది.

క్లాసంతా నా మొహంలోకి చూసింది. కోప్పడదామనే నోరు తెరిచాను. ఆ ప్రశ్నలో ఒక్క తప్పూ లేదని అప్పుడు తట్టింది. "టమాటోస్" అన్నాను.

అంతే, చేతులు లేచాయి. ఆయన రోజూ నీళ్ళు పోస్తారా? ఆవు వచ్చి తినేస్తే ఏం చేస్తారు? తప్పో ఒప్పో, అన్నీ ఇంగ్లీషులోనే. కుండీలో తులసికైనా నీళ్ళు పోయని మా ఆయన చేత, బెల్లు కొట్టేలోగా టమాటాలు, బెండకాయలు, ఆఖరికి మామిడితోట కూడా వేయించాను. ఎంతో కష్టపడి తయారుచేసుకున్న స్లైడ్లు తెరవనే లేదు.

కొన్నాళ్ళకి బస్టాండు దగ్గర ఎవరో మా ఆయన్ని ఆపి, మామిడిపూత రాలకుండా ఏ మందు కొట్టాలని అడిగారట. ఇంటికొచ్చి, "బళ్ళో నా గురించి ఏం చెప్పావే?" అన్నారు.

"ఇంగ్లీషు చెప్పానండీ" అన్నాను.

తర్వాత పేరెంట్స్ మీటింగుకి ఆ అమ్మాయి తల్లి కూలి మానుకుని వచ్చింది. నన్ను మెచ్చుకుంటుందనుకుని, ముందుగానే మొహమాటపు నవ్వొకటి మొహానికి తగిలించుకున్నాను.

"మేడమ్ గారూ, ఇది ఇంటికాడ నన్ను ఇంగ్లీషులో తిడతందండి" అంది ఆమె.

"ఏమన్నావే?" అని పిల్లని అడిగాను.

"యూ ఆర్ నాట్ లిజనింగ్ టు మీ అన్నాను మేడమ్."

"తిట్టు కాదమ్మా. నా మాట వినట్లేదు అంటోంది" అని తల్లికి చెప్పాను.

ఆమె కూతురి వైపు తిరిగింది. "ఆ ముక్క తెలుగులో ఏడిస్తే విననా? ఏందో చెప్పు."

ఆటో దిగాక ఊళ్ళోకి ఒంటరిగా నడవాలంటే భయమేస్తోందని పిల్ల చెప్పింది. దార్లో కుక్కలు వెంటపడుతున్నాయట. తల్లి మధ్యలో ఎక్కడా అడ్డురాకుండా విన్నది.

"రేపట్నించి నేను రోడ్డు కాడికొస్తాలే" అంది.

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళారు. నేను తర్వాతివాళ్ళని లోపలికి పిలిచాను.