సున్నా వచ్చింది మామా!

ఆ వయసులో నాకు స్కానర్ మీద ఉన్నంత గురి మనుషుల మీద ఉండేది కాదు. ఐటీఐ ముగించి, కడపలో ఒక కార్ల షెడ్డులో పనికి చేరిన కొత్త. బండికి స్కానర్ తగిలించి తెర మీద వచ్చింది చదివి చెప్పడమంటే, పంచాంగం చూసి ముహూర్తం పెట్టినంత దర్జాగా ఉండేది. (మాది చర్చికి పోయే కుటుంబం, ఇంట్లో పంచాంగం లేదు. ఆ లోటు స్కానర్ తీర్చింది.)

అప్పుడే మా మామకు కష్టం వచ్చింది. మామ అంటే అమ్మకు అన్న. మైదుకూరు వైపు పల్లెల నుంచి డయాలసిస్ రోగులను మా చర్చి ఆసుపత్రికి తెచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపే వ్యాను నడిపేవాడు. సూదులకు వాచిన చేతులతో కూర్చున్న వాళ్లకు కుదుపు తగలకూడదని, నిద్రపోతున్న బిడ్డను పక్క మీద పడుకోబెట్టినంత మెల్లగా బండి ఆపేవాడు. అలాంటిది, కొన్నాళ్లుగా వ్యాను ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకాస్త ముందుకు పోతోంది. ఒకసారి ఆసుపత్రి మెట్టుకే తగిలింది. డాక్టరమ్మ బాధపడుతూనే చెప్పింది. "వయసైంది కదన్నా, కాలికి పట్టు తగ్గినట్టుంది. ఇంక చాలించు."

మామ నేరుగా మా షెడ్డుకొచ్చాడు. "నేను బ్రేకు తొక్కుతానే ఉండా పాపా. అది తిరిగి నా కాలినే తోస్తాండాది. గరగరమంటాది. ఎవురికి జెప్పినా నమ్మరు" అన్నాడు. స్కానర్ తగిలించాను. లోపమేమీ లేదంది. హెచ్చరిక దీపం కూడా వెలగడం లేదు. మామ ముఖం చూడలేక, "నువ్వు నడుపు మామా, నేను పక్కన కూర్చుని చూస్తా" అన్నాను.

ప్రతి చక్రం దగ్గరా ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ల వలయాన్ని కనిపెట్టుకుని ఉండి, ఎంత వేగంగా తిరుగుతోందో బండిలోని కంప్యూటరుకు చెప్పడమే దాని పని. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆసుపత్రి పెరట్లో నాలుగు చక్రాల వేగాలూ తెర మీద పెట్టుకుని కూర్చున్నాను. మామ మెల్లగా పోనిచ్చి బ్రేకు తొక్కాడు. మూడు చక్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ముందు ఎడమ చక్రం మాత్రం ఉన్నట్టుండి సున్నా!

నాకు అంతా అర్థమైపోయింది. ఆ ఒక్క చక్రం బిగిసిపోయి జారుతోందనుకుని, కంప్యూటరే దాని బ్రేకు వదిలేస్తోంది. మామ కాలిని తిరిగి తోస్తున్నది అదే. "సున్నా మామా! సున్నా వచ్చింది!" అని చేతులెత్తి అరిచాను. (తల కూడా ఎత్తి ఉంటే బాగుండేది.) అదే సమయానికి వ్యాను నింపాదిగా దండెం మీదికి పోయి, ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లన్నిటినీ మీద కప్పుకుని నిలబడింది. లోపల తెల్లటి చీకటి. మామ స్టీరింగు పట్టుకుని "యేసయ్యా, ఎవురన్నా ఉండారా ముందర?" అంటున్నాడు. నేనింకా "సున్నా, సున్నా" అంటూనే ఉన్నాను. పరిగెత్తుకొచ్చిన డాక్టరమ్మ దుప్పటి తొలగించి, ముందు నా తలకు దెబ్బ తగిలిందేమోనని చూసింది.

చక్రం విప్పి సెన్సార్ బయటికి తీశాను. అది కూర్చునే చోట తుప్పు ఉబ్బి, దాన్ని పళ్లకు దూరంగా నెట్టేసింది. వేగంగా తిరిగినప్పుడు అందే సంకేతం, మెల్లగా తిరిగేసరికి అందడం లేదు. తుప్పంతా గీకి, సెన్సార్ను సరిగ్గా కూర్చోబెట్టి మళ్లీ నడిపించాను. ఈసారి నాలుగూ కలిసే సున్నాకు దిగాయి. మామ ఆపమన్న చోటే బండి ఆగింది. డాక్టరమ్మ తాళాలు ఆయన చేతిలోనే ఉంచి, "రేపు మైదుకూరు వాళ్లు ఎదురుచూస్తుంటారన్నా" అంది.

మామ మెట్టు మీద కూర్చున్నాడు. చెప్పు విడిచి, కుడికాలు ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరాడు. "శానా తిట్టినాను పాపా దీన్ని" అన్నాడు.

ఇప్పుడు నాకు సొంత షెడ్డు ఉంది. లోపం దొరికినా అరవను. పక్కనున్న మనిషి ముఖం చూసి, నెమ్మదిగా చెబుతాను. అది మంచిదే. కానీ ఒక్కోసారి, బండి ఎటు పోతోందో కూడా చూడకుండా సంతోషపడిపోయిన ఆ పిల్ల జ్ఞాపకం వస్తుంది. అంత సంతోషం మళ్లీ నా చేతికి చిక్కలేదు.