తొమ్మిది మంది తర్వాత నేను

మా చిన్నమ్మకు తన మీద తనకు నమ్మకం లేదు. కూరలో ఉప్పు వేసి, "జర చూడు బిడ్డా, ఏసిన్నా?" అని నన్ను అడుగుతుంది. తలుపుకు గొళ్ళెం పెట్టి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి పోయి చూసుకుంటుంది. వయసు మీద పడిందిలే అంటారు చుట్టాలు. వయసూ కాదు, పాడూ కాదు. ఆమెను అట్లా చేసింది నేను.

అమ్మ పోయాక నన్ను పెంచింది చిన్నమ్మే. ధరూర్ వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయేది. సాయంత్రం మొగ్గ ఒలిచి ఎర్ర కాగితం తొడగాలి. పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఒలవకుండా వదిలేసిన మొగ్గ తెల్లారి తనంతట తానే విచ్చుకుంటే, ఆ కాయ విత్తనానికి పనికిరాదు. ఆ పని కోసమే చిన్నమ్మ బొటనవేలి గోరు పెంచుకుంది. ఆమె ఒలిస్తే లోపలి కాడకు గీత కూడా పడేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళను మా గుంపు మేస్త్రి ఆమె పక్కనే నిలబెట్టేది.

ఇంటర్ చదివేటప్పుడు దసరా సెలవుల్లో నేనూ ఆ గుంపులో చేరాను. పన్నెండు మంది ఆడవాళ్ళం, మనిషికి నాలుగు సాళ్ళు. ఒకరోజు ఒకామె పుట్టింటికి పోయింది. ఆమె సాళ్ళు ఎవరు చూసుకోవాలో చెప్పడం మేస్త్రి మరిచిపోయింది. ఆ సాయంత్రమంతా చిన్నమ్మ బోరు దగ్గర తన సాళ్ళలోనే ఉంది. నేను ఆమె పక్క సాళ్ళలో ఉన్నాను. చూశాను.

మర్నాడు వెళ్ళేసరికి చేను నడుమ, పుట్టింటికి పోయినామె నాలుగు సాళ్ళలో ఎర్ర కాగితం ఒక్కటీ లేదు. పూలన్నీ విచ్చుకొని ఉన్నాయి. ఖర్మ కొద్దీ అదే రోజు విత్తనాల కంపెనీ తరఫున చేలు చూసుకునే ఆర్గనైజర్ వచ్చాడు. తప్పు ఎవరిదో చెప్పండి, లేకుంటే గుంపు మొత్తం దిగిపోండి అన్నాడు. సాలు చెడగొట్టిన మనిషిని ఆ ఏడు ఇంకే గుంపూ రానివ్వదు. మా వైపు క్రాసింగ్‌లో అదొక కట్టుబాటు.

మేస్త్రి మమ్మల్ని గట్టు మీద వరుసగా కూర్చోబెట్టింది. ముందు తనే చెప్పింది, ఆ సాళ్ళు చిన్నమ్మకు అప్పజెప్పానని. కావాలని అబద్ధమాడిందని ఇప్పటికీ అనను. చెప్పాననే అనుకుంది పాపం. పక్కనున్నామె తనూ విన్నానంది. తర్వాతి ఆమె, చిన్నమ్మ అటు నడిచిపోవడం చూశానంది. ఐదో మనిషి దాకా వచ్చేసరికి చిన్నమ్మ అక్కడ నిలబడి ముచ్చట్లు పెట్టడం కూడా చూసేశారు.

వాళ్ళు చెబుతుంటే నాకు మొదట కోపమొచ్చింది. తర్వాత అనుమానమొచ్చింది, నేను నీళ్ళకు పోయినప్పుడు ఆమె లేచి వెళ్ళిందేమో అని. అసలు నేను నీళ్ళకు పోనే లేదు. అయినా పోయినట్టే అనిపించింది. భయం కూడా ఉంది, కాదనను. చిన్నపిల్లననే సాకు నాకొద్దు. తొమ్మిది మంది అయ్యాక నా వంతు వచ్చింది. చిన్నమ్మ నా ముఖమే చూస్తూ ధైర్యంగా కూర్చుంది. నా బిడ్డ ఉంది కదా అనుకుంది.

"ఆ సాళ్ళు చిన్నమ్మవే," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. కాసేపు తన చేతుల వంక చూసుకుంది.

"నువ్వు గూడ అన్నవంటే నిజమే ఉంటది బిడ్డా. నాకే యాది లేనట్టుంది."

అప్పుడైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు. ఆమె సద్దిగిన్నె తీసుకొని ఒక్కతే రోడ్డెక్కి షేర్ ఆటో కోసం నిలబడింది. నేను సిగ్గులేకుండా పొద్దుమూకే దాకా పనిచేసి ఇల్లు చేరాను. చిన్నమ్మ నాకు అన్నం వండిపెట్టి, వాకిట్లో కూర్చొని గోరు కత్తిరించుకుంటోంది. మళ్ళీ ఆమె పువ్వు ముట్టలేదు. మరుసటి ఏడు పిలిచినా, నా కండ్లు మంచిగ లేవని చెప్పి, మట్టి తట్టలు మోసే పనికి పోయింది. నా చదువు ఆ తట్టల మీదే నడిచింది.

నాగర్‌కర్నూల్‌లో బి.ఇడి. చదివేటప్పుడు సైకాలజీలో ఒక పాఠం వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకే మాట అంటే, మనిషి తన కళ్ళతో చూసినదాన్ని కూడా ఎందుకు కాదంటాడని. మనమైతే గట్ల అనం అని క్లాసంతా నవ్వింది. ఒక్కరు తోడు నిలబడినా మనిషికి ధైర్యం వస్తుందని సార్ చెబుతుంటే, ఇక కూర్చోలేక లేచి బయటికి పోయాను.

చెప్పడానికి మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. పోయిన నెల చిన్నమ్మను వనపర్తిలో కళ్ళ దవాఖానకు తీసుకెళ్ళాను. కళ్ళు బాగున్నాయి, అద్దాలు కూడా అక్కర్లేదంది డాక్టరమ్మ. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చేతులు పట్టుకొని అంతా చెప్పేశాను. ఆ సాళ్ళు నీవి కావు, నువ్వు బోరు దగ్గరే ఉన్నావు, నేను చూసి కూడా అబద్ధం చెప్పాను అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది.

"నా పానం నిమ్మళం చేయనీకె అంటున్నవ్ గని," అంది, "ఇప్పుడు నువ్వొక్కదానివి అంటే ఎట్ల నమ్మాలె బిడ్డా? పది మంది చూసిండ్రు గద."