పంతులమ్మగారి ఎరుపు

పటిక పలుకుల్లో కల్లుప్పు కలిపి అమ్మితే పట్టుకునే మొనగాడు మా బజారులో లేడని కనిపెట్టింది నేనే. నయాపైసలు వచ్చిన కొత్తల్లో మా కొట్లో పటిక వీశెల లెక్కన కొనేది ఒక్కరే, సముద్రం పక్క పల్లెలో బడి చెప్పే పంతులమ్మగారు.

బడి వదలగానే ఆమె రాట్నం ముందు కూర్చునేవారు. వడికిన నూలుకు రంగు నిలిచేందుకు పటిక పట్టించి, ఇసుకనేలల్లో తవ్వించిన చిరివేరుతో ఎర్రరంగు వేసి, టోపీలూ మఫ్లర్లూ అల్లేవారు. నేనెంత బేరమాడినా ఒక్కటీ అమ్మలేదు. తడి నూలును నాలుక కొసకు తాకించి చూడడం ఆమె అలవాటు.

ఒకనాడు దిగులుగా వచ్చారు. "ఏందోనన్నా, ఎరుపు నిలవడంలే. నూలు ఉప్పగా ఉండాది. మా బావిలోకి సముద్రం వచ్చేసినట్టుండాది."

"తీరంలో మామూలే గదమ్మా!" అన్నాను.

ఆ మాట నమ్మి, ఇసుకదిబ్బల అవతలి మంచినీళ్ల బావి నుంచి ఆర్నెల్లు బిందెలు మోశారు. అయినా ఎరుపు నిలవలేదు. ఇక రంగు మానేస్తానని చెప్పడానికి వచ్చిన రోజు, మాటల మధ్య పటిక డబ్బాలోంచి ఒక పలుకు తీసి అలవాటుగా నాలుక మీద పెట్టుకున్నారు. నా ముఖంలోకి చూశారు.

"అన్నా, సముద్రం మీ కొట్లోకి గూడా వచ్చేసినట్టుండాదే."

మళ్లీ రాలేదు. నీళ్లు మోసిన మోకాలు ముడవలేక రాట్నాన్ని అటక మీద పెట్టేశారని విన్నాను.

లెక్క ఇదీ. నాకు మిగిలింది రూపాయి లోపు. ఆమెకు పోయినవి ఒక మోకాలు, ఒక ఎరుపు. నేను తిరిగి ఇవ్వగలిగింది ఆ రూపాయి ఒక్కటే. అదీ ఇవ్వలేదు.