ఇశ్రాయేలు సైకిళ్లకు బాబురావు పూచీ

హైదరాబాదు కిషన్‌బాగ్‌లో ఇశ్రాయేలు కిరాయి సైకిళ్ల దుకాణానికి బోర్డు లేదు. ఆ అవసరం కూడా ఎన్నడూ పడలేదు. తాపీ పని చేసే గుండయ్య, గాజులు మోసుకుపోయి అమ్మేవాళ్లు, పాలు పోసేవాళ్లు, తెల్లారేసరికి ఆ రేకుల కొట్టు ముందే నిలబడేవారు. సొంత బండి కొనుక్కునే స్తోమత ఉన్నవాడు ఆ బస్తీలో ఎందుకుంటాడు?

దుకాణానికి ఒకటే కట్టుబాటు. కొత్త మనిషికి బండి కావాలంటే, తెలిసినవాళ్లు ఎవరైనా వెంట వచ్చి "నాది జమానత్" అని పూచీ పడాలి. సంతకాలు, వేలిముద్రలు ఏమీ లేవు. రేకు పెట్టెలు చేసే బాబూమియా ఆ మాట అన్నాడంటే చాలు, ఇశ్రాయేలు వచ్చినవాడి మొహమైనా చూడకుండా బండి తీసి ఇచ్చేవాడు.

ఎవరు పూచీ పడినా బండి దొరకని మనిషి బస్తీ మొత్తానికి ఒక్కడే. వాడు బాబురావు. సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, రెండింట్లోనూ ఇంకు ఉండదు. ఈ పెద్దమనిషి ఒకప్పుడు ఇశ్రాయేలు బండిని కల్లు కంపౌండులో తాకట్టు పెట్టి, తాగినంత తాగి, ఇంటికి నడిచి వచ్చి హాయిగా పడుకున్నాడు. దాన్ని విడిపించుకొచ్చింది ఇశ్రాయేలే. ఆనాటి నుంచి బాబురావు ఆ దారిన పోతుంటే ఇశ్రాయేలు బండ్లకు అడ్డంగా నిలబడి, వాడికి వినపడేటట్టు ఉమ్మేవాడు.

బ్యాంకులు సర్కారు చేతికి వచ్చిన కొత్తల్లోని సంగతి ఇది. అప్పటికి ఇశ్రాయేలు బండ్లు ముసలివైపోయాయి. ముందు చక్రం ఫోర్కు విరిగి గుండయ్య పురానాపూల్ వంతెన మీద బోర్లా పడి రెండు పళ్లు రాలగొట్టుకున్నాడు. కొత్త బండ్లు రాకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. సరిగ్గా అప్పుడే బ్యాంకువాళ్లు చిన్న వ్యాపారులను ఆదుకుంటామని ఊరంతా చాటుతున్నారు. ఆ చాటింపు నమ్మి ఇశ్రాయేలు, పూచీకి బాబూమియాను వెంటబెట్టుకుని, అప్పు అడగడానికి వెళ్లాడు.

మేనేజరు బాబూమియాను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఈయన జీతమెంత?"

"జీతమేంది సార్?" అన్నాడు ఇశ్రాయేలు. "దుకాణమున్నది. బస్తీల ఎవర్నన్న అడుగుండ్రి."

"బస్తీని అడగడం మా పని కాదయ్యా. గవర్నమెంటు ఉద్యోగి ఎవరైనా ఉంటే తీసుకురా."

"చలో భాయ్," అన్నాడు బాబూమియా, లేచి. "ఈళ్ల లెక్కల మనం మనుషులమే కాదు."

బస్తీలో సర్కారు కొలువున్నవాళ్లు ముగ్గురే. ఇద్దరు అప్పటికే బావమరుదులకు పూచీలు పడి ఉన్నారు. మిగిలింది బాబురావు. ఆ సంగతి తలచుకుంటేనే ఇశ్రాయేలుకు ఒళ్లు మండింది. చేతికి సైకిల్ ఇవ్వడానికి పనికిరానివాడు సర్కారుకు నమ్మకస్తుడా! కానీ ఇంట్లో రాహేలు ఊరుకోలేదు.

"పొయ్యి అడుగు. అడిగితె నీ నోరేం పడిపోదు. దుకాణం పోతె పిల్లలకు నీ పౌరుషం వండి పెట్టాల్నా?"

బాబురావు మంచం మీద నుంచి లేవకుండా, గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాడు.

"ఏందిరా ఇశ్రాయేలు, ఇయ్యాల ఉమ్మలే?"

"సంతకం పెట్టాలె... సాబ్." ఆ చివరి మాట ఇశ్రాయేలు నేలవైపు చూస్తూ అన్నాడు.

"పెడ్త. ఎందుకు పెట్ట? కొత్త బండ్లల్ల ఒకటి నా ఇంటి ముందల ఉండాలె. కిరాయి గిరాయి అంటే మాత్రం సంతకం వాపస్ తీస్కుంట."

ఆరు కొత్త బండ్లు వచ్చాయి. వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో బ్యాంకు పేరు రాయించి, మేనేజరు వాటి పక్కన నిలబడి ఫొటో దిగాడు. దుకాణంలో ఇన్నాళ్లూ చెమటోడ్చింది తనే అన్నట్టు నవ్వాడు కూడా. ఒక బండి బాబురావు ఇంటి ముందుకు పోయింది. నెల తిరగకుండానే అక్కడి నుంచి మాయమైంది.

ఎవరినీ అడగకుండానే ఇశ్రాయేలు నేరుగా కల్లు కంపౌండుకు నడిచాడు. కుండల పక్కన బండి తళతళలాడుతోంది. కంపౌండు నడిపే బసవయ్య నొచ్చుకున్నాడు.

"ఉత్త బండైతే నేను తాకట్టు పట్టకపోదును అన్నా. దాని మీద బ్యాంకు పేరుండె. సర్కారు బండి యాడికి పోతదని పట్టిన."

ఈసారి ఇశ్రాయేలు బండి విడిపించలేదు. సరాసరి పోయి బ్యాంకులో చెప్పాడు. మేనేజరు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు.

"బ్యాంకు ఆస్తిని తాగుబోతు చేతిలో పెడతావా? బుద్ధుందా నీకు? అలాంటివాడికి ఎవడైనా సైకిలిస్తాడా?"

"నేను పదేండ్లు ఇయ్యలే సార్. గాయన మంచోడని మీరే చెప్పిన్రు."

మేనేజరు తల వంచి కాగితాలు సర్దాడు. సిగ్గుపడ్డాడనుకుంటే మన పొరపాటే.

"పూచీ సంగతి వేరు. ఆయనది పర్మనెంటు ఉద్యోగం, మాకేం అభ్యంతరం లేదు. తప్పు నీది. సంజాయిషీ రాసిచ్చి, బండి విడిపించుకొచ్చి చూపించు."

మర్నాడు బ్యాంకు తలుపులు తీసే వేళకు మిగతా అయిదు బండ్లు గుమ్మం ముందు వరసగా ఉన్నాయి. ఇశ్రాయేలు, బాబూమియా, గుండయ్య, ఇంకో ఇద్దరు వాటిని నడిపించుకుని వచ్చారు.

"ఆరోది బసవయ్య తాన ఉన్నది," అన్నాడు ఇశ్రాయేలు. "మీ పూచీదారును తోలి తెప్పిచ్చుకోండ్రి."

"ఆవేశపడకయ్యా. ఇవి లేకపోతే నీ దుకాణం ఎలా నడుస్తుంది?"

"ఇన్నేండ్లు మీరు నడిపిన్రా?"

గుమ్మంలో ఉన్నవాళ్లు పక్కుమన్నారు. దారి పొడుగునా బాబూమియా ఆ మాటే మళ్లీ మళ్లీ చెప్పుకుని నవ్వాడు. ఇశ్రాయేలుకూ ఛాతీ ఉప్పొంగింది. బాబురావుకు ఇక సాబ్ అననక్కర్లేదు. ఆ రాత్రి చాన్నాళ్లకు కంటినిండా నిద్రపోయాడు.

పొద్దున గుండయ్య తాపీ సంచితో వచ్చాడు. నడిచే పాత బండ్లు రెండే మిగిలాయి, అవి అప్పటికే పాలవాళ్లు తీసుకుపోయారు. పని ఎక్కడో దూరాన సైదాబాద్‌లో. ఆలస్యమైతే మేస్త్రీ ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు.

"బండి లేదా అన్నా?"

ఇశ్రాయేలు చేతిలోని పానా వైపు చూస్తూ లేదన్నాడు.

"ఫికర్ చెయ్యకు. నడుస్త," అని గుండయ్య సంచి భుజానికెత్తుకుని పెద్ద పెద్ద అంగలతో సైదాబాద్ దారి పట్టాడు. వాడు మలుపు తిరిగేదాకా ఇశ్రాయేలు తలెత్తలేదు.